గాలివానలయందు గొడ్డు గోదల సంరక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఆ పనిని నాకంటె సమర్థులైన పెద్దలు ఉదయపు సభలోనే నిర్వర్తించియున్నారు. కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించుచు, “మీకు బాగుగా తెలిసిన విషయమేదో అదియే చెప్పుడు” అనిరి. పశువైద్యునిగా ఉద్యోగము చేసి విశ్రాంతి తీసికొనుచున్న నాకు బాగుగా తెలిసినవి గొడ్డు గోదలే. సముద్రమునకు కూతవేటు దూరముననున్న ఇట్టి గ్రామములో గొడ్లను గూర్చి మాటలాడువాడు గాలివానను గూర్చి మాటలాడక తప్పదు. కావున ఆ రెండింటిని కలిపి నాలుగు మాటలు మనవి చేసెదను.

మన తీరమునకు ఉప్పెన క్రొత్తది కాదు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించినట్లు చరిత్ర చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెనను కన్నులార చూచినవారు ఈ సభలోనే కొందరుందురు. ఆనాడు సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చినది. పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పశువులు లక్షల సంఖ్యలో నశించినవి. 1990 మే 9వ తేదీన మరల అంతటి తుఫానే కృష్ణా ముఖద్వారము దగ్గర తీరము దాటినది. ఈమారు మరణించినవారు 967 మంది. అదియు చిన్న సంఖ్య కాదు. కాని పదమూడేండ్లకు పూర్వముతో పోల్చి చూచినపుడు ముందుగా హెచ్చరిక అందుటవలనను, ప్రజలను పెద్ద ఎత్తున తరలించుటవలనను ఎంత మేలు జరిగినదో తేటపడును. అదే తుఫానులో లక్షకు పైగా పశుజీవములు నశించినవి. మనుష్యులను బండ్లమీదను లారీలమీదను తరలించిరి. గొడ్లు రాటలకు కట్టినవి కట్టినట్లే ఉండిపోయినవి.

ఈ రెండు సంవత్సరముల అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడని మీకు మనవి. మనుష్య ప్రాణమును కాపాడు విద్య మనకు చాలవరకు పట్టుబడినది. పశుప్రాణమును కాపాడు విద్య ఇంకను పట్టుబడలేదు. అంతేకాదు, ఈ రెండవ విద్య రానంతకాలము మొదటిదియు సంపూర్ణము కాదు. ఎట్లనగా, ఇల్లు విడిచి రమ్మని అధికారులు వచ్చి పిలిచినపుడు కదలనివారెవరో ఒక్కసారి జ్ఞాపకము చేసికొనుడు. ఆడువారు పిల్లలను తీసికొని బయలుదేరుదురు. ఇంటి పెద్ద మాత్రము “మీరు పొండి, గొడ్లను చూచుకొని వచ్చెదను” అనును. ఆయనయందు మూర్ఖత్వమేమియు లేదు. చావడిలోనున్న రెండు గేదెలే ఆయింటి బ్యాంకు, ఆయింటి పెండ్లి ఖర్చు, ఆయింటి పిల్లవాని చదువు. చూడితోనున్న గేదెను నీటికి వదలి రమ్మని చెప్పుట సులభము. వచ్చుట సులభము కాదు. గొడ్లకు దారి చూపనిదే ఆ పెద్దమనిషిని కదల్చలేము.

ఇది మన పల్లెటూళ్ళకే పరిమితమైన స్వభావమనుకొనరాదు. 2005 ఆగస్టులో అమెరికా దేశములో కత్రినా అను తుఫాను న్యూ ఆర్లియన్సు నగరమును ముంచినపుడు, రక్షకులు పడవలతో వచ్చి కుక్కలను పిల్లులను ఎక్కించుకొనము అనుటచేత చాలమంది ఇండ్లు విడువ నిరాకరించిరి. ఫలితముగా 2006లో ఆ దేశమువారు ఒక చట్టమునే చేసికొనిరి. విపత్తువేళ ప్రజలను తరలించు ప్రణాళికలో పెంపుడు జంతువులకు గూడ చోటుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. 2018 కేరళ వరదలలో త్రిచూరు ప్రాంతమున ఒక ఇల్లాలు తన 25 కుక్కలను కూడ తీసికొనిపోయిననే తప్ప పడవ యెక్కనని భీష్మించినట్లు పత్రికలలో చదివితిమి. రక్షకులు చివరకు కుక్కలనన్నిటిని ఎక్కించుకొనిరి.

గ్రంథాలయ సభ గనుక ఒక పుస్తకపు మాట కూడ చెప్పెదను. కౌటిల్యుని అర్థశాస్త్రము ఎన్నో శతాబ్దములు కనుమరుగై యుండి, 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరిన తాళపత్ర ప్రతివలన వెలుగుచూచినది. శామశాస్త్రిగారు దానిని 1909లో అచ్చువేయించిరి. ఒక గ్రంథాలయములో ఒక ప్రతి నిలిచినందున దేశమునకు అంతటి గ్రంథము దక్కినది. దాని నాలుగవ అధికరణములో ఉత్పాతములకు ప్రతీకారము చెప్పిన ప్రకరణము కలదు. వానకాలములో ఏటి ఒడ్డున నివసించువారు వరద అందని చోటునకు తరలవలెననియు, కొయ్యలు, వెదుళ్ళు, పడవలు సిద్ధముగా నుంచుకొనవలెననియు అందు విధించెను. కొట్టుకొనిపోవువారిని సొరకాయ బుర్రలతోను, తోలు తిత్తులతోను, చెట్ల మొద్దులతోను కాపాడవలెను. పడవ యుండియు ఆదుకొననివానికి 12 పణముల జరిమానా. నీరు వచ్చిన తరువాత పరుగెత్తుటకంటె రాకమునుపు వెదుళ్ళు కోసి పెట్టుకొనుట మేలని రెండువేల యేండ్లనాడే గ్రహించిరి. మనము వెదుళ్ళు కోసి పెట్టుకొంటిమా యన్నదే ప్రశ్న.

ఇక పనిలోనికి వచ్చెదను.

ముందుగా గాలి వేరు, నీరు వేరు అని తెలిసికొనవలెను. చాలమంది ఈ రెండింటిని ఒకటిగా చూచి చిక్కులలో పడుదురు. మీ యిల్లు ఉప్పెన అందని మెరకమీద ఉన్నచో మీకు శత్రువు గాలి. అప్పుడు గట్టి గోడలు, గట్టి కప్పుగల కట్టడములో గొడ్లను ఉంచుటయే మంచిది. బయటకు వదలినయెడల కొబ్బరిచెట్టు విరిగి మీదపడుటయో, ఎగిరివచ్చిన ఇనుపరేకు కోయుటయో జరుగును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమలో కొబ్బరితోటలు ఎట్లు నేలకూలినవో విన్నవారు తోటలో గొడ్లను కట్టరు. మీ యిల్లు పల్లమున ఉన్నచో, లేక ఏటి లంకలోనో, కాలువ చివరనో ఉన్నచో మీకు శత్రువు నీరు. అప్పుడు ఎంత గట్టి చావడియైనను పనికిరాదు. గొడ్లు మెరకకు పోవలసినదే. తమ యింటికి ఈ రెంటిలో ఏది వర్తించునో ప్రతి గృహస్థుడును ఎండ కాయుచున్న దినములలోనే తేల్చుకొనవలెను.

నీటి భయమున్నచోట నా మాటలన్నిటిలోను ముఖ్యమైనది తలుగు. గేదె పుట్టుకతో ఈతగత్తె. ఆవును, ఎద్దును గూడ ఈదగలవు. ఉప్పెనలో అవి మునిగి చచ్చుటకు కారణము తరచుగా నీరు మాత్రమే కాదు, మెడనున్న పలుపు. రెండడుగుల తలుగుతో గుంజకు కట్టిన గొడ్డు నీరు గొంతు దాటినపుడు ముట్టె పైకెత్తలేదు. తన బలమంతయు ఉపయోగించి గుంజుకొన్నకొలది ముడి బిగియును. వెనుకటి కొబ్బరిపీచు త్రాడైనను నారత్రాడైనను కొంతవరకు తెగుటకు వీలుండెడిది. ఇప్పటి నైలాను త్రాడు తెగదు. నానిన ముడి చేతితో ఊడదు. ఇనుప గొలుసు మాట చెప్పనక్కరలేదు. అందువలన తుఫాను కాలములో, అనగా ఏప్రిలు, మే నెలలలోను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకును, ఒక్క గుంజుతో ఊడివచ్చు జారుముడి వేయుట అలవాటు చేసికొనుడు. ప్రతి చావడిలోను దూలమునకు ఒక పదునైన కొడవలి దోపియుంచుడు. చీకటిలో వెదకవలసిన అవసరము లేకుండ, ఎల్లప్పుడును ఒకే చోట. ఇంటిలోని పదేండ్ల పిల్లవానికి గూడ అది ఎక్కడ ఉన్నదో తెలియవలెను.

తలుగు విప్పుమనగానే మీలో కొందరు ఏమందురో నాకు తెలియును. విప్పిన గొడ్డు పరుల చేలో పడును, తగవు వచ్చును, దొంగల పాలగును, మరల దొరకదు. ఈ మాట కొట్టివేయదగినది కాదు. తుఫాను రానే రాక, వరిచేలు మాత్రము గొడ్లపాలైన ఊళ్ళు కలవు. ఒకటి రెండుసార్లు అట్లు జరిగినచో మూడవమారు ఎవరును విప్పరు. దీనికి మందు ఒంటరిగా ఒక్కొక్క రైతు చేతిలో లేదు, ఊరి చేతిలో నున్నది. ఫలానా స్థాయి హెచ్చరిక వచ్చిన తరువాత విడిచిన గొడ్డు చేలో పడినను జరిమానా ఉండదు, బందెలదొడ్డికి తోలరాదు అని పంచాయతీ ముందుగానే తీర్మానించుకొనవలెను. నష్టమును ఊరందరు కలిసి సర్దుకొనవలెను. రెండు మళ్ళ పైరు పోయినచో మరల వేసికొనవచ్చును.

విప్పి వదలుటకంటె ముందుగా తోలుకొనిపోవుట మేలు. వాతావరణ శాఖవారు తుఫాను హెచ్చరికలను అంచెలంచెలుగా ఇచ్చుచుందురు. సుమారు 72 గంటల ముందు మొదటి గమనిక, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరము దాటుటకు 12 గంటల ముందు ఆ పిదప జరుగబోవుదానిని గూర్చిన సూచన. పసుపు, నారింజ, ఎరుపు రంగులు మీరు సెల్‌ఫోనులలో చూచుచునే యున్నారు. రేవులో ఎగురవేయు నంబర్ల మాట ఓడలవారికి ముఖ్యము. మనకు ఈ రంగులు చాలును. మనుష్యులు ఎరుపు వచ్చువరకు ఆగినను ఆగవచ్చును గాని, పశువులు నారింజ రంగులోనే కదలవలెను. పశువు నడక మనుష్యుని నడకకంటె నెమ్మది. గాలి మొదలైన తరువాత అది బెదరును, చీకటిలో వంతెన దాటదు, హోరుగాలికి ఎదురు నడువక వెనుదిరుగును. పగటిపూట, గాలి లేనపుడు, మేతకు తోలినట్లుగా తోలుకొనిపోయినచో ఏ గోలయు ఉండదు. ఒక చిన్న యుక్తి మీకందరకు తెలిసినదే: తల్లి మొండికేసినపుడు దూడను ఎత్తుకొని ముందు నడిచినచో తల్లి వెంటవచ్చును. మందకు ముందు నడచు పెద్దగేదె ఏదో దానిని మొదట కదల్చినచో మిగిలినవి దాని వెంట నడచును.

తోలుకొనిపోవు చోటు ముందుగా చూచి యుంచుకొనవలెను. కరకట్టయో, పాతదిబ్బయో, బడి ఆవరణమో ఏదైనను సరే. దానిమీద విద్యుత్తు తీగలు పోరాదు, పెద్ద చెట్లు ఉండరాదు. ఎన్ని గొడ్లు నిలువగలవో లెక్క ఉండవలెను. తుఫాను ఆశ్రయ భవనములు మనుష్యులకొరకు కట్టినవి. వాని చుట్టును మెరక చేసిన నేల పశువులకు గూడ ఉన్నచో ఎంతయో మేలు. మన మండలములో అట్టి మెరకలు చాలవు. ఉపాధి పనులక్రింద చెరువు పూడిక తీయునపుడు ఆ మట్టిని ఒకచోట పోసి దిబ్బ చేయించవచ్చునని నా అభిప్రాయము.

గాలివాన నడుమ ఒక మోసమున్నది. దానిని గూర్చి చెప్పకుండ ముందుకు పోలేను. తుఫానునకు నడిబొడ్డున కన్ను అనబడు ప్రశాంత ప్రదేశముండును. అది మన ఊరిమీదుగా పోవునపుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోవును, ఆకాశములో నక్షత్రములు గూడ కనబడవచ్చును. “అమ్మయ్య, తగ్గినది, గొడ్లను చూచివచ్చెద”నని లాంతరు పట్టుకొని బయలుదేరువారు అప్పుడే బయలుదేరుదురు. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి మొదటి దానికేమియు తీసిపోని బలముతో విరుచుకొనిపడును. మొదటి గాలికి ఒకవైపునకు ఒరిగిన గోడలు రెండవ గాలికి కూలును. ఈ నడిమి నెమ్మదిలో చావడికి పోవద్దు. అధికారికముగా తుఫాను దాటినదని తెలియువరకు ఎవరిని పోనీయవద్దు.

మేత, నీరు మాటకు వచ్చెదను. పాలిచ్చు గేదె దినమునకు 50, 60 లీటర్ల నీరు త్రాగును. ఉప్పెన వచ్చి వెనుకకు పోయిన తరువాత ఊరిచెరువునిండ నీరుండును, కాని అది ఉప్పునీరు. సముద్రజలములో లీటరునకు 35 గ్రాముల ఉప్పుండును. దప్పికతో దానిని త్రాగిన గొడ్డునకు దప్పిక మరింత హెచ్చును, చివరకు పిచ్చెత్తినట్లు తిరిగి పడిపోవును. నీటిలో ఈది బ్రతికిన గొడ్డు నీరు దొరకక చచ్చుటకంటె దారుణమేమున్నది? కావున మూతగల డ్రమ్ములలో మంచినీరు నింపి, మెరకమీదనో డాబామీదనో ఉంచుకొనవలెను. పూర్తిగా కాకపోయినను గొడ్డుకు దినమునకు 20 లీటర్ల లెక్కన మూడు దినములకు ఉన్నచో ప్రాణము నిలుచును. పాలు తగ్గును, తగ్గనిండు.

గడ్డివామి నేలమీద వేయుట మన ఆచారము. నీరు చేరినచో అడుగునుండి కుళ్ళుకొనివచ్చును. రాళ్ళమీదనో దుంగలమీదనో మంచె వేసి దానిమీద వామి వేసి, పైన మోకులతో కట్టినచో కొంతయైనను దక్కును. అదియుగాక కొన్ని మోపులు కట్టి డాబామీద పట్టాలు కప్పి ఉంచవలెను. తడిసి బూజుపట్టిన గడ్డిని ఎండబెట్టి వేయుచుందురు. ఎండబెట్టినంత మాత్రమున బూజు విషము పోదు. అట్టి వరిగడ్డి మేసిన గేదెలకు చెవుల చివరలు, తోక, కాళ్ళు కుళ్ళి ఎండిపోవు వ్యాధి ఒకటి కలదు. బూజుపట్టిన తవుడు, చెక్క అంతకంటె ప్రమాదకరము. అట్లే యూరియా బస్తాలను చావడి మూలలో ఉంచరాదు. నీటిలో కరిగిన యూరియాను త్రాగిన పశువు గంటలలో చచ్చును. తుఫానులో బ్రతికి, మరునాడు కుండీ దగ్గర కూలిన గొడ్లలో కొన్నింటికి కారణమిదియే.

గొర్రెలు గేదెలవలె ఈదలేవు. ఉన్ని నానినచో తమ బరువు తామే మోయలేవు. ఒకటి దూకినచోట అన్నియు దూకును. పైగా మందలతో పొలములలో విడిదిచేయు కాపరులు ఊరివారు కారు. ఊరిలో చాటింపు వేసినను వారికి వినబడదు. ఎవరో ఒకరు సైకిలుమీదనో మోటారుసైకిలుమీదనో పోయి చెప్పిరావలెను. ఆ పని ఎవరిదో ముందుగా పేరు పెట్టి నిర్ణయించనిచో ఎవరును పోరు. కోళ్ళను గంపలలో మూసి అటకమీదికి చేర్చుట ఇంటి ఆడువారికి నేను నేర్పవలసిన పని కాదు.

ఇప్పుడు కుక్కలు, పిల్లుల మాట. నవ్వుచున్నారు గాని, ఇది నవ్వదగిన విషయము కాదు. గేదెకు విలువ ఉన్నది గనుక దాని తలుగైనను ఎవరో ఒకరు విప్పుదురు. గుమ్మము దగ్గర గొలుసుతో కట్టిన కుక్కను విప్పుట ఎవరికిని జ్ఞాపకముండదు. ఇంటిల్లిపాది బయలుదేరిన తరువాత “కుక్క ఇంటిని కాచుకొనునులే” అనుకొందురు. నాలుగడుగుల గొలుసుతో నున్న కుక్క నీటినుండి ఇంటినెట్లు కాచును? తీసికొనిపోలేకున్నచో గొలుసు తీసివేయుడు. ఇది కనీస ధర్మము. తీసికొనిపోగలిగినచో మెడపట్టీ, గట్టి త్రాడు, మూతికి బుట్టయో గుడ్డకట్టో వెంటనుంచుడు. మెత్తని కుక్కయైనను భయపడినపుడు కరచును. ఏటేట రేబీస్ టీకా వేయించి ఆ కాగితమును రేషను కార్డుతోపాటు ప్లాస్టికు సంచిలో దాచుడు. ఆశ్రయ భవనములో కుక్కలనుగూర్చి తగవులు వచ్చుచునే యుండును. చంటిపిల్లలు పరుండినచోట, అన్నము వండుచోట కుక్కలేమిటని అడుగువారిది తప్పు కాదు. కుక్కను విడిచి రాలేనివారిదియు తప్పు కాదు. మెట్లక్రింది వసారానో, వెనుక వరండానో వీనికి కేటాయించినచో ఉభయుల మాటయు చెల్లును. టీకా కాగితము ఉన్నవారికి చోటిచ్చుటలో ఎవరికిని అభ్యంతరముండదు.

పిల్లి సంగతి వేరు. గాలి మారుటను మనకంటె ముందు పసికట్టి, అటకలలోను గాదెలక్రిందను దాగును. ఆ సమయమున దానిని పట్టుకొనుట ఎవరి తరము కాదు. అందుచేత హెచ్చరిక వచ్చిన సాయంకాలమే ఒక గదిలో పెట్టి తలుపు వేసి, మూతగల వెదురుబుట్ట దగ్గర నుంచుకొనవలెను. చిలుకలను పంజరములో పెంచువారు ఇక్కడ ఒకరిద్దరున్నట్లున్నారు. మన రామచిలుకను పంజరమున బంధించుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరమను సంగతి మాత్రము వారికి గుర్తుచేసి ఊరకుందును.

టీకాలు తుఫాను వచ్చిన తరువాత వేయించునవి కావు. గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు తొలకరికి ముందే టీకా వేయించవలెను. టీకా పట్టుటకు రెండు మూడు వారములు కావలెను. గాలికుంటుకు, గొర్రెలలో చిటుకరోగమునకు, పారుడు రోగమునకు, కోళ్ళలో కొక్కెర వ్యాధికి వాని వాని కాలములు కలవు. పశువుల ఆసుపత్రిలో అడిగినచో చెప్పుదురు. చెవికి పసుపుపచ్చని బిళ్ళ వేయించుకొనుటకు ఇంకను కొందరు వెనుకాడుచున్నారు. దానిమీదనున్న 12 అంకెల సంఖ్యయే కొట్టుకొనిపోయిన మీ గొడ్డు నాలుగూళ్ళ అవతల దొరికినపుడు మీదని చెప్పు సాక్షి. చనిపోయినచో నష్టపరిహారమునకు ఆధారమును అదియే. 2022లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన ప్రమాణములలో పాడిపశువునకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దునకు 32,000, మేకకు గాని గొర్రెకు గాని 4,000, కోడికి 100 చొప్పున ఉండినవి. ఇట్టి అంకెలు అప్పుడప్పుడు మారుచుండును. పరిమితులు గూడ ఉండును. బిళ్ళ సంఖ్య, రెండు వైపులనుండి తీసిన ఫొటో, పశువైద్యుని ధ్రువపత్రము లేనిదే ఏ అంకెయు చేతికి రాదు. తొందరపడి కళేబరమును పాతిపెట్టకముందే ఫొటో తీయించుడు.

నీరు తీసిన తరువాతి దినములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. కళేబరములను కాలువలలోనికి నెట్టరాదు. బావులకు, చెరువులకు దూరముగా ఆరడుగులకు తక్కువ కాని గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. ముక్కునుండి నోటినుండి నల్లని నెత్తురు కారుచు హఠాత్తుగా చచ్చిన గొడ్డును కోయరాదు, తోలు తీయరాదు. అది దొమ్మరోగము కావచ్చును, మనుష్యులకు గూడ అంటును. మంచినీటి బావికి వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన మంచి బ్లీచింగు పొడి కలిపి, అరగంట ఆగి వాడవలెను. బురదలో నిలిచిన గొడ్ల గిట్టలు పుండ్లు పడును గనుక దినమునకు ఒకమారైనను కడిగి ఆరబెట్టవలెను. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన కుక్కలకు, పశువులకు, మనకు గూడ జ్వరము రాగలదు. కాలికి పుండున్నవారు ఆ బురదలో దిగరాదు. గడ్డివామిలో, చావడి చూరులో పాములుండును. కర్రతో తట్టనిదే చేయి పెట్టరాదు. పశువైద్య సంచార వాహనమునకు 1962 అను నంబరు మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఏర్పడియున్నది. ఫోను పనిచేయనంతవరకే చిక్కు.

గ్రంథాలయమునకు ఇందులో ఏమి పని యని మీకు తోచవచ్చును. ఊరిలో ప్రతిదినము తలుపు తీయు ఇల్లు, కులము వర్గము అడుగక అందరు వచ్చి కూర్చుండు ఇల్లు ఇదియొక్కటే. వాతావరణ సూచనను సాయంకాలము నల్లబల్లమీద వ్రాయుటకు ఇంతకంటె తగిన చోటు లేదు. సెల్‌ఫోను స్తంభములు కూలిన దినమున బ్యాటరీతో పనిచేయు రేడియో ఒకటి ఇక్కడ ఉన్నచో ఊరంతటికి చెవి ఉన్నట్లే. ఆ రేడియోను రజతోత్సవ విరాళములలో మిగిలిన సొమ్ముతో కొనెదమని కార్యదర్శిగారు ఇప్పుడే నా చెవిలో చెప్పినారు. సభలో చెప్పివేసినాను గనుక వారిక వెనుకకు తగ్గుటకు వీలులేదు.

ఇంకొక పుస్తకము గూడ నేడు తెరచినాము. ద్వారము దగ్గరి బల్లమీద ఎర్ర అట్టతో నున్న దస్తరమది. అందులో ఇంటిపేరు, గేదెలెన్ని, ఆవులెన్ని, ఎడ్లెన్ని, దూడలెన్ని, గొర్రెలు మేకలు కోళ్ళెన్ని, కుక్క పిల్లి ఉన్నవా, చెవిబిళ్ళ సంఖ్యలేవి, తోలుకొనిపోవలసిన మెరక ఏది, ఇంటిలో మగవారు ఊరలేనపుడు తోలువారెవరు అని గళ్ళు గీయించినాము. ఆ చివరి గడి చాల ముఖ్యమైనది. పిల్లలు హైదరాబాదులోను, పరదేశములలోను ఉండి, ముసలితల్లి ఒక్కతె రెండు గేదెలతో నున్న ఇండ్లు ఈ ఊరిలో ఎన్ని కలవో మీకే తెలియును. అట్టి ఇంటి ఎదుట ఎవరో ఒకరి పేరుండవలెను. ఏటేట ఏప్రిలు మొదటి ఆదివారమున, అక్టోబరు మొదటి ఆదివారమున ఆ దస్తరమును ఇక్కడ చదివి సవరించెదమని కార్యవర్గమువారు ఒప్పుకొనిరి. బడి తాళపుచెవి ఎవరి దగ్గర ఉండునో, కొడవళ్ళు మోకులు ఎక్కడ ఉండునో మొదటి పుటలో వ్రాసియున్నది. భోజనములకు పోవుటకు ముందు బల్ల దగ్గర ఒక్క నిముషము నిలిచి మీమీ గళ్ళు నింపిపోవలసినదిగా కోరుచున్నాను. కలము అక్కడనే దారముతో కట్టియున్నది.